లారీ లాగిన కుక్కకి తిండి లెక్క

టైలరమ్మ కుక్కని ఎత్తుకుని టీ కొట్టుకి వచ్చింది. కుక్కంటే పేరుకే, తోలు కప్పిన ఎముకల మూట. మొన్న వానలో తన కొట్టు మెట్ల కింద కనిపించింది. జాలేసి గిన్నెడు అన్నం పెడితే గబగబా మింగి మొత్తం కక్కేసింది. ఆ భయంతో నిన్నంతా నీళ్ళతో సరిపెడితే ఇవాళ లేవలేకపోతోంది. పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే, "బరువెంతో చెప్పమ్మా, ఎంత పెట్టాలో చెప్తాను" అన్నాడు. పక్కనే మందుల షాపు ముందు తూకం మెషీనుంది. కానీ నిలబెట్టిన ప్రతిసారీ కుక్క కూలబడి జారిపోతోంది.

"దీనికి రోజుకెంత పెట్టాలో మీలో ఎవరికైనా తెలుసా?" అని బెంచీ మీద వాళ్ళని అడిగింది.

బెంచీ మీద గేర్ల మామయ్య కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు లారీ డ్రైవరు. ఏ మాటైనా మొదటి గేరులో ఎత్తుకుని టాప్ గేరుకి వెళ్తాడని ఆ పేరు పెట్టారు.

"నన్నడుగమ్మాయ్. నాకూ ఒక కుక్కుండేది, పిల్లప్పుడు అదీ తూకానికి నిలబడేది కాదు, అప్పుడు నేనేం చేశానో తెలుసా, దాన్ని చంకనెత్తుకుని నేనే మెషీనెక్కాను, తర్వాత నేనొక్కణ్ణే ఎక్కాను, అందులోంచి ఇది తీసేస్తే మిగిలిందే కుక్క బరువు."

టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఇంకో మాట వినకుండా మెషీన్ దగ్గరికి నడిచింది. మామయ్య మాత్రం ఆగలేదు.

"ఆ లెక్కన తిండి పెడుతుంటే రోజురోజుకీ పెరిగిందయ్యా, ఇంట్లో తూకాలు చాలక లారీలు తూచే కాటా మీదికి ఎక్కించాను, ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాటా భూమిలోకి దిగిపోయింది."

"లారీ కూడా ఉందా దానిమీద?" అన్నాడు బెంచీ మీదే పక్కన కూర్చున్న మంగలి.

"లారీ ఎందుకుంటుంది? లారీని కుక్క లాగుతోంటేనూ."

టైలరమ్మ కుక్కతో ఎక్కి, తర్వాత తనొక్కతే ఎక్కి, తీసివేత చేసుకుని డాక్టరుకి చెప్పింది. "ఇప్పుడు గుప్పెడే పెట్టు, మెత్తగా పిసికి. కడుపులో నిలిస్తే సాయంత్రం ఇంకో గుప్పెడు. ఒక్కసారే కడుపు నింపకు. కండ పట్టేకొద్దీ పెంచుదాం" అన్నాడాయన.

తన డబ్బాలో అన్నం గుప్పెడు తీసి, ఉడికిన గుడ్డు ముక్క కలిపి, షాపు గట్టు మీద కూర్చుని తినిపించింది. కుక్క తిని ఇంకా కావాలన్నట్టు చేయి నాకింది. మనసు రాయి చేసుకుని డబ్బా మూసేసింది. ఇక కక్కుతుందేమోనని దాని గొంతు మీదే చూపు పెట్టుకుని కూర్చుంది. చెవిలో మామయ్య గొంతు పడుతూనే ఉంది.

"కొండదారిలో ఇంజను ఆగిపోతే లారీని సరుకుతో సహా లాగింది. ఆ రోజు తిండికి మూడు ఊళ్ళ హోటళ్ళు మూతపడ్డాయి. ఒకసారి లెక్కలో ముద్ద తగ్గిందని అలిగి మొరిగితే, ఆ గాలికి నది వెనక్కి తిరిగింది."

"మరి మీరేం చేశారు?" అంది టీ కొట్టు అక్క.

"చెవి పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. కుక్కలు నా చూపుకే వణికిపోతాయి."

కుక్క కక్కలేదు. కాసేపటికి టైలరమ్మ ఒళ్ళోంచి దిగి, తూలుకుంటూ నాలుగు అడుగులేసి, బెంచీ దగ్గరికెళ్ళి మామయ్య చెప్పు వాసన చూసింది.

మామయ్య రెండు కాళ్ళూ బెంచీ మీదికి లాగేసుకుని, పక్కనున్న మంగలి భుజం గట్టిగా పట్టుకున్నాడు.

టైలరమ్మ నవ్వు ఆపుకోలేదు. మూడు రోజుల్లో మొదటి నవ్వు అది.

"కాళ్ళు దించండి మామయ్యా. దీని భోజనం అయిపోయింది, ఇంకో గుప్పెడు సాయంత్రమే."