ఎవరూ తొక్కని ముక్క

ఏమర్రా, ఈ మీగడరంగు తివాచీ ముక్క మీద ఇన్నాళ్ళలో ఒక్కసారైనా కాలు పెట్టి నడిచినవాళ్ళెవరు? చేతులెత్తండి. ఎత్తరేం? అమ్మమ్మ అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారేం?

కూర్చోండి. అక్కడ కాదు, ఇటు. కుండీలకు నీళ్ళు పోస్తున్నదాన్ని మధ్యలో వదిలేసి వచ్చాను. మీ అమ్మ లోపల తలుపు వేసుకుని ఫోన్లో మాట్లాడుతోంది. ఏ తివాచీ ఎంచిందో తను వాళ్ళకి చెప్పేసేలోగా ఈ సంగతి తేలాలి.

పెద్దదానా, నువ్వు చెప్పు. మీ అమ్మ ఈ నాలుగు తివాచీ ముక్కలూ నడవాలో ఎందుకు పరిచింది? అందం కోసమా? కాదు కదా. సరే, నేనే చెబుతాను. మధ్యలో గోళ్ళు కొరకొద్దు.

విమానాశ్రయంలో కాస్త ఖరీదైన ప్రయాణికులు కూర్చోడానికి వేరే హాలు ఉంటుంది. లాంజ్ అంటారు. దానికి తివాచీ ఎంచిపెట్టే పని మీ అమ్మకొచ్చింది. ఉద్యోగం మానేసి, సొంత పేరుతో బోర్డు పెట్టుకున్నాక వచ్చిన మొదటి పని. మానేసిన రోజు పాత ఆఫీసులో పెద్దసారు ఏమన్నాడో తెలుసా? "ఎప్పుడైనా వచ్చేయమ్మా, నీ కుర్చీ అలాగే ఉంటుంది" అన్నాడట. ఎంత మంచి మాట! ఓడిపోయి తిరిగొస్తావని దాని అర్థం.

అక్కడికి వచ్చేవాళ్ళు ఊరికే రారు. చక్రాల పెట్టెలు లాక్కుంటూ వస్తారు. వానలో తడిసి వస్తారు. కాఫీ కప్పు చేతిలో, కళ్ళు ఫోన్లో. ఒలికిందా? ఒలికింది. తుడిచారా? పక్క కుర్చీలోకి మారారు. అలాంటి చోట పరిచేది గట్టిదై ఉండాలి. ఏడాది తిరక్కుండా పీకి పారేస్తే ఆ చెత్తంతా ఎవరు మొయ్యాలి? భూమే కదా. అందుకని మీ అమ్మ వెతికి వెతికి ఈ నాలుగు రకాలు తెచ్చింది.

ఇదిగో, ఈ నీలంది చూడండి. చేపలవాళ్ళు వదిలేసిన పాత వలలు కరిగించి తీసిన దారం. ముట్టుకోండి. చిన్న చిన్న ఉంగరాల్లా ఉందా? కొస తెంచకుండా మడిచి నేస్తే, ఎంత తొక్కినా మళ్ళీ లేస్తుంది. పైగా ఇది చదరాలుగా వస్తుంది. ఒకచోట మరక పడితే, నేలలో పగిలిన బండ ఒక్కటీ మార్చినట్టు, ఆ చదరం ఒక్కటీ మార్చుకోవచ్చు. అరిగిపోయాక చేసినవాళ్ళే వెనక్కి పట్టుకెళ్ళి మళ్ళీ దారం తీస్తారట.

బూడిదరంగుదీ గోధుమరంగుదీ కూడా మంచివే. బుద్ధిగా చదువుకునే పిల్లలు, ఎవరికీ పేరు గుర్తుండని పిల్లలు.

ఇక ఈ మీగడరంగుది. ఉన్ని. కొసలు కోసిన దారం, పిల్లి వీపులా ఉంటుంది. లాంజ్ యజమాని మనసు దీనిమీదే. "మేఘాల మీద నడిచినట్టుండాలి" అన్నాడట. ఇంకో అరగంటలో మేఘాల్లోకే ఎక్కుతారు కదా, ఆ కాస్తా ఆగలేరా? అడగవే అన్నాను మీ అమ్మని. అడగలేదు. తనకూ ఇదే ఇష్టం మరి.

కానీ నచ్చింది కదా అని కళ్ళు మూసుకుని ఎంచే మనిషి కాదు. పరీక్ష పెట్టింది. నాలుగూ వరసగా పరిచి, "నెల్లాళ్ళు అందరూ వీటిమీదే నడవండి. చెప్పులతోనే నడవండి. పెట్టెలు లాగండి. ఏమైనా ఒలికితే ఒలకనివ్వండి" అంది. పిల్లలకు ఇంతకంటే అదృష్టం ఏ ఇంట్లో ఉంటుంది?

మీరు లాగారు, నేను చూశాను. చిన్నదాన్ని పెట్టెమీద కూర్చోబెట్టి మరీ లాగావు పెద్దదానా. దాని సంగతి తరవాత మాట్లాడదాం. నీలం మీద గడగడ. బూడిద మీద గడగడ. గోధుమ మీద గడగడ. మీగడరంగు దగ్గరికి వచ్చేసరికి? చిన్నది దిగింది. ఇద్దరూ కలిసి పెట్టె ఎత్తి, అవతల దించి, మళ్ళీ గడగడ. అవునా, కాదా?

తల దించుకోనక్కర్లేదు. మీ ఇద్దరి పనే కాదు. మీ నాన్న ఆఫీసుకు ఆలస్యమై పరిగెడుతూ కూడా దాని దగ్గర ఇంత అంగ వేసి దాటేవారు. ఒకసారి పడబోయి గోడ పట్టుకున్నారు. వీధిలో గుంటొచ్చినా చూసుకోని మనిషి! ఇల్లు తుడిచే ఆవిడేమో దాన్ని ఎత్తి గోడకు ఆనించి, తుడిచాక మళ్ళీ పరిచి, అంచులు కూడా సర్ది వెళ్ళేది. ఏమంటున్నావే చిన్నదానా? నువ్వు వాడావా? బోర్లా పడుకుని బొమ్మలు గీశావు. పడుకోవడం నడక కాదమ్మా.

ఇంతకీ మీ అమ్మో? నిన్న పొద్దున చూశాను. ఫోన్లో ఎవరితోనో వాదిస్తూ ఆ చివరనుంచి ఈ చివరకు పచార్లు చేసింది. మూడు ముక్కల మీదా ఠపాఠపా నడిచింది. నాలుగోది రాగానే కాలు దానంతట అదే పైకి లేచి అవతల పడింది. మాట ఆగలేదు, నడక ఆగలేదు. దాటానని తనకే తెలీదు.

ఇక ఇవాళ ఫలితాలు. మధ్యాహ్నం మీ అమ్మ వంగి నాలుగూ నిదానంగా చూసింది. నీలం మీద మట్టి. గోధుమ మీద కాఫీ. బూడిద మీద ఏదో ఉంది, ఏమిటో నేను అడగను. మీగడరంగుది మాత్రం కడిగిన ముత్యంలా ఉంది. "చూశావా అమ్మా, ఇంతమంది తొక్కినా చెక్కుచెదరలేదు! నేనే నమ్మలేదు" అంది. ఆ మొహం మీరు చూడాల్సింది. సొంతపని మొదలుపెట్టాక అంత వెలుగు నేను చూడలేదు. "అది కాదమ్మాయ్..." అన్నాను. "పాఠం మొదలెట్టకు అమ్మా, సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి వాళ్ళకి" అని లోపలికెళ్ళిపోయింది.

పరీక్షే రాయని పిల్లకు నూటికి నూరు వేశాం మనం.

ఎందుకు తొక్కలేదంటారు? గట్టిగా చెప్పు, నోట్లో గొణక్కు. ఆఁ. అమ్మకిష్టం కదా అని. అదీ సంగతి. అమ్మకిష్టమైంది పాడవకూడదని ఇంటిల్లిపాదీ కాపలా కాశాం. ఆ లాంజ్‌కి వచ్చేవాళ్ళంతా కాస్తారా? మీ అమ్మ ఎవరో, ఆవిడకేం ఇష్టమో వాళ్ళకేం పట్టింది? లాంజ్ తెరిచిన నాలుగు రోజులకే అది గోనెపట్టాలా తయారవుతుంది. అప్పుడా యజమాని మేఘాల మాట ఎత్తడు, మీ అమ్మ పేరు ఎత్తుతాడు. ఆ పాత కుర్చీ అలాగే ఉందిగా మరి.

ఏమిటే ఆ నవ్వులు? అమ్మమ్మా, నువ్వు తొక్కావా అనా?

అడుగుతారని తెలుసు. నేను మీకంటే రెండాకులు ఎక్కువే చదివాను. మీరంతా దాటారు. నేను పాత తువ్వాలు కప్పాను. పొద్దున మీ అమ్మ గడప దాటగానే కప్పడం, వచ్చే వేళకు తీసి మడిచి పెట్టడం. ఇంత జాగ్రత్తగా ఏ పిల్లనూ కాపీ కొట్టనివ్వలేదు నా టీచరు ఉద్యోగంలో.

ష్. విన్నారా? "వివరాలు చెబుతాను, రాసుకోండి" అంటోంది.

చెయ్యందుకో, లేవాలి. నా చెప్పులేవి? అవి కాదు, కుండీల దగ్గర తొడుక్కునేవి. మట్టి ఉంటే ఉండనీ, దులపకు. పెద్దదానా, వెళ్ళి ఆ తలుపు బార్లా తియ్యి. "అమ్మా, ఒక్కసారి నడవాలోకి చూడు" అను. అంతే. ఏమీ వివరించకు, అది నా పని.

ఆ బకెట్ ఇటివ్వు చిన్నదానా. తొణుకుతోందా? తొణకనీ. ఇంకా సగం కుండీలు ఎండిపోతున్నాయి. నడవాలోంచే వెళ్తాను. ఇంత బరువుతో ఈ వయసులో అంగలు వెయ్యలేను కదా.