గంగరాజు గారు తెచ్చిన కలం: శ్రీమతి రామతులసి గారికి అభినందన

1989 జూలై మూడవ తేదీన శ్రీమతి రామతులసి గారు రాజమహేంద్రవరంలోని మన కళాశాలలో జూనియర్ అసిస్టెంటుగా ప్రవేశించే నాటికి ధ్రువపత్రాలన్నీ చేతిరాతతోనే వెలువడేవి. పరీక్షల విభాగంలో ఆమె సిరా కలంతో రాసిన పత్రాల మీద కొట్టివేత కనిపించేది కాదు. కలం మొరాయిస్తే పక్కవారిని అడగడం ఆమెకు నచ్చేది కాదు. అందుచేత ఇంటికి తీసుకువెళ్ళి, విప్పి, కడిగి, తామే బాగుచేసుకోవడం నేర్చుకున్నారు. సీనియర్ అసిస్టెంటై, సూపరింటెండెంటై, కంప్యూటర్ల రాకతో కలాలు సొరుగుల్లోకి చేరిన పిమ్మట కూడా, సహోద్యోగుల ఇళ్ళలో మూలపడిన కలాలు దానవాయిపేటలోని ఆమె ఇంటికి వస్తూనే ఉండేవి.

గత శ్రావణమాసంలో ఒక ఉదయం మన గ్రంథాలయ సహాయకులు గంగరాజు గారు ఒక పాత నల్ల కలాన్ని చేతిరుమాలులో చుట్టి ఆమె ఇంటికి తెచ్చారు. అది వారి తల్లి అమ్మణ్ణి గారిది. ద్రాక్షారామంలో తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి పొందిన ఆమె, గొంతు క్యాన్సరుతో ఆసుపత్రిలో ఉన్నారు. ఊపిరి కోసం గొట్టం వేయడంతో మాట ఆగిపోయింది. శస్త్రచికిత్స చేస్తే ప్రాణం నిలవవచ్చు గాని, గొంతు ఇక రాదని వైద్యులు చెప్పారు. జీవితమంతా పాఠం చెప్పిన తల్లి మాట లేని బతుకుకు ఒప్పుకోరని, ఇంటికి తీసుకుపోదామని పెద్దకుమారుడి పట్టు. మెడకు కట్టు ఉండటంతో ఆమె తల ఊపినా ఔననో కాదనో తెలియడం లేదు. వేళ్ళలో బలం లేక బాల్‌పెన్ను నొక్కలేకపోయారు. కొత్త సిరా కలం కొనిస్తే, పాళీ కాగితాన్ని గీరుతోందని పక్కన పెట్టేశారు.

"సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారండి డాక్టర్లు. అమ్మ చేతికి అలవాటైంది ఇదొక్కటే. ఇదేమో రాయట్లేదు," అన్నారు గంగరాజు గారు.

ఎండిన సిరాతో బిగుసుకుపోయిన ఆ కలం మీద మరిగే నీళ్ళు పోద్దామని ఆయన తొందరపడితే, పాళీకి సిరా అందించే కింది నాలుక వంకరపోతుందని రామతులసి గారు వారించారు. గోరువెచ్చని నీటిలో నానబెట్టి కూర్చున్నారు. మధ్యమధ్య ఆసుపత్రి నుంచి అన్నగారి ఫోను మోగుతూనే ఉంది. నీళ్ళు నీలంగా మారాయి, మార్చారు; మళ్ళీ నీలమయ్యాయి. మధ్యాహ్నానికి కలం విడివడింది. కడిగి, ఆరబెట్టి, సిరా నింపి గీస్తే గీత పడలేదు.

ఎప్పుడో కింద పడినప్పుడు పాళీ చీలిక మూసుకుపోయిందని ఆమెకు అర్థమైంది. పల్చని బ్లేడు అంచుతో దానిని విడదీయాలి. రవ్వంత ఎక్కువ విడితే సిరా కారిపోతుంది, పాళీ విరిగితే అంతా అయిపోయినట్టే. వేలాది పత్రాలు రాసిన ఆమె బ్లేడును పాళీ దాకా తెచ్చి ఆగారు. బ్లేడు కింద పెట్టి, ముఖం కడుక్కుని వచ్చి, మళ్ళీ అందుకున్నారు. మూడోసారి గీసినప్పుడు సన్నని నీలిగీత తెగకుండా సాగింది.

ఆసుపత్రిలో కలాన్ని అమ్మణ్ణి గారి వేళ్ళ మధ్య ఉంచి, అట్ట పట్టుకున్నది రామతులసి గారే. పెద్దకుమారుడు తలుపు దగ్గరే నిలబడిపోయారు. అక్షరాలు ఏటవాలుగా, ఒక్కొక్కటిగా పడ్డాయి. "గొంతు పోతే పోనీ. నాకు బతకాలని ఉంది. ఆపరేషన్ చేయించండి." కాసేపాగి కింద మరో ముక్క రాశారు: "నన్నడక్కుండా ఎలా తీసుకుపోతార్రా?"

పెద్దకుమారుడు తల్లి పాదాల దగ్గర కూలబడ్డారు. శస్త్రచికిత్స ఫలించింది, అమ్మణ్ణి గారు నేడు ఇంటి పట్టున క్షేమంగా ఉన్నారు. మరునాడు ఆఫీసుకు వచ్చిన రామతులసి గారు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మాకు చెప్పినవారు గంగరాజు గారే.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న శ్రీమతి రామతులసి గారికి చూపు చెదరక, చెయ్యి వణకక, అయినవారి నడుమ నిండు నూరేళ్ళ ఆరోగ్యం సిద్ధించాలని, ఆమె గుమ్మం ముందుకు ఇకపై అంత భయంతో ఎవరూ రావలసిన అవసరం కలగకూడదని మనసారా కోరుకుంటున్నాము.