బజ్జీల ఓబుళమ్మ బరువు తగ్గిన కథ

ఓబుళమ్మ అని ఒకామె ఉండె, బజ్జీల ఓబుళమ్మ అంటాండ్రి. బస్సు నిలిచే తావ రేకుల పాక కింద కూకోని పొద్దున బొరుగుల ఒగ్గాణి, మాపటేల మిరపకాయ బజ్జీ అమ్ముతాండె. మనిషి ఎట్లుంటాదంటే, బండ మీద కూకుంటే బండ కనపడదు, అంతే అనుకో. నవ్వొద్దు, నవ్వించేదానికి చెప్పడంలే, ఉన్న మాట చెప్తాండా. ఆమెకే లేదు సిగ్గు. ఆటోవాడు "అక్కా, నువ్వెక్కితే నా బండికి ఇంగొకరు పట్టరు" అంటే, "పట్టకేం నాయనా, నా ఒళ్ళో కూకోబెట్టు" అంటాండె. మొగుడు ఎప్పుడో పోయినాడు. పిల్లల్లేరు. ఆమెకుండేదంతా ఒక్క తమ్ముడు, సుంకన్న. వాడు పాలు మరవకముందే తల్లి పోతే, ఈమె పదేండ్ల పిల్ల, చంకనేసుకోని తిరిగి పెంచింది. బడికి పోలేదు, ఆటకి పోలేదు, వాడే బడి, వాడే ఆట. వాని బరువుకి నడుము ఒక పక్కకి వంగి, పెద్దదైనా ఆ పక్కకే ఒరిగి నడుస్తాండె.

ఏమైందంటే, ఆ సుంకన్నకి మొగం ఉబ్బింది, కాళ్ళు ఉబ్బినాయి. నీరు పట్టిందిలే అనుకున్నారు. ఉప్పు మానేసినాడు, ఊరి మందు తాగినాడు, తగ్గలేదు. కర్నూలుకి పోతే రెండు కిడ్నీలూ పోయినాయన్నారంట. వారానికి రెండు తూర్లు రక్తం కడగాల, సొంతోళ్ళెవురన్నా ఒక కిడ్నీ ఇస్తే మనిషి నిలబడతాడు అన్నారు. పెండ్లాం నాగవేణి నేనిస్తానని ముందరికొచ్చింది గానీ ఆమె రక్తం కుదర్లేదు. అప్పుడు ఓబుళమ్మ పోయింది. రక్తం కుదిరింది, అన్నీ కుదిరినాయి. ఇంగేముంది, డాక్టరమ్మ ముందర నిలబడి "ఇప్పుడే కోసుకోండి తల్లీ, ఇంటికి పోయి బజ్జీపిండి కలుపుకోవాల" అనిందంట. డాక్టరమ్మ నవ్వలేదు. కాటా ఎక్కమనింది. తొంబై ఆరు కేజీలు. "అమ్మా, ఇంత బరువుతో కోస్తే నీ పానానికే ముప్పు. ఒక కిడ్నీతో తర్వాత బతకాల్సింది నువ్వు. డెబ్బై ఎనిమిదికి రా, అప్పుడు చేస్తాం" అనింది. ఎన్ని దినాలు పడతాదంటే, బాగా చేస్తే ఆరేడు నెల్లు అనింది. "అంతవరకు వాడు?" అని అడిగింది ఓబుళమ్మ. డాక్టరమ్మ కాగితాలు సర్దుకుంటా "రక్తం కడుగుతాంటాం గదా, చూద్దాం" అనింది. ఆ చూద్దాం అనే మాట ఓబుళమ్మకి బస్సులో వచ్చినంతసేపూ చెవిలో జోరీగ మాదిరి తిరిగిందంట. పద్దెనిమిది కేజీలు. అయిదేండ్ల బిడ్డ బరువు. అంత బిడ్డని చంకనేసుకోని ఊరంతా తిరిగినదాన్ని, దించలేనా అనుకునింది.

అనుకునేది సులువు. ఆ దినం నుంచి కూడు మానేసింది. నీళ్ళు, పలచని మజ్జిగ, అంతే. ఒక దినం, రెండు దినాలు, మూడు దినాలు. నాలుగో దినం బాణలి ముందర కండ్లు తిరిగి పక్కకి పడింది. బాణలి మీద పడలేదు, అంతమటుకు దేవుడు చూసినాడు. కర్నూలుకి తీసకపోతే డాక్టరమ్మ తిట్టింది అనుకో, అట్లిట్ల తిట్టడం గాదు. "పస్తులుంటే పొయ్యేది బలం. తిను, తినేది మార్చు. పూటకి ఇంత కొర్రన్నం, దానికి రెండింతలు ఆకుకూర, పప్పు, ఒక గుడ్డు. నూనె చెంచాతో కొలుచుకో. చక్కెర టీ మాను. పొద్దున గంట, మాపటేల గంట నడువు." "ఇంతేనా తల్లీ?" అంటే, "ఇంతే. ప్రతిదినమూ" అనింది. ఆ ప్రతిదినమూ అనే మాటలోనే ఉండాది చూడు చావంతా. ఒక దినం నేనూ చేస్తా, నువ్వూ చేస్తావు. వాన పడిన దినం, మోకాలు వాచిన దినం, నిద్ర చాలని దినం, ఎవురో ఒక మాటన్న దినం, అప్పుడు చెయ్యాల.

నడిచేదానికి మొదులు సిగ్గేసిందంట. నలబై ఎనిమిదేండ్ల ఆడమనిషి, పని లేకుండా, చేతిలో ఏమీ లేకుండా, దావ పొడుగునా పోయి ఊరికే తిరిగొస్తే ఊరేమనుకుంటాది? యాడికి పోతాండావు ఓబుళమ్మా అని అడుగుతారు గదా. బర్రె తప్పిపోయిందబ్బా అంటాండె. ఆమెకి బర్రేది? పది దినాలు లేని బర్రెని వెతికింది. పదకొండో దినం ఎవురో నిజంగానే ఒక బర్రెని తోలకొచ్చి పాక ముందర కట్టేసి పోయినారు. అప్పుడు చెప్పింది, తమ్ముని కోసరం నడుస్తాండానని. ఆ తర్వాత ఎవురూ ఏమీ అనలేదు. అననందుకు ఇంగా కష్టమయిందంట, అందరి కండ్లూ ఆమె నడుం మీదనే.

తిండి సంగతి చెప్పాలంటే, మనకైతే తినొద్దనుకుంటే వంటింటి వాకిలి మూసుకుంటాం. ఆమె బతుకే బాణలి ముందర. నూనె కాగే వాసన, మిరపకాయ చీలే వాసన, బొరుగుల్లో తిరగవాత పెట్టే వాసన. మూతికి గుడ్డ కట్టుకోని బజ్జీలేసింది. ఒగ్గాణిలో ఉప్పు సరిపోయిందా అని కూడా నాలిక్కి తగిలించలేదు, కొనేవాళ్ళనే అడిగేది. నెలకొకతూరి మద్దిలేటి చెనక్కాయల మండీకి పోయి మూటలు తూచే కాటా ఎక్కేది. మద్దిలేటి మంచోడు, హమాలీలందర్నీ బయటకి పంపి గట్టిగా చదవకుండా మెల్లగా చెప్పేవాడు. మొదటి నెల తొంబై రెండు. ఓబుళమ్మ మండీలోనే ఏడ్చింది, సంతోషంతో. రెండో నెల ఎనబై తొమ్మిది. మూడో నెల ఎనబై తొమ్మిది. "సరిగ్గా చూడన్నా" అనింది. మద్దిలేటి ఒక మూట పెట్టి చూసినాడు, తీసి చూసినాడు, కాటా బాగానే ఉండాది. నాలుగో నెల కూడా ఎనబై తొమ్మిదే. అదే కొర్రన్నం, అదే ఆకు, అదే దావ. ఏం తప్పు చేసినా అని తన్నుతాను అడుక్కునింది, దొరకలేదు. తప్పు దొరికితే దిద్దుకోవచ్చు గదా, దొరకందానికి ఏం చేస్తావు?

ఆ దినం మాపటేల జోరున వాన. పాక కింద ఎవురూ లేరు. అమ్ముడుపోని బజ్జీలు జల్లెట్లో ఉండాయి. ఓబుళమ్మ మూతి గుడ్డ విప్పింది. ఒకటి తినింది. రుచి చూసినట్ల గాదు, దొంగ తిన్నట్ల, నమలకుండా. ఇంగొకటి. నిలబడుకోని పదకొండు బజ్జీలు తినింది. నోరు కాలింది, కారానికి కండ్లెంబడి నీళ్ళు, ఆపలేదు. తలెత్తి చూస్తే వానలో తడుస్తా సుంకన్న. రక్తం కడిగించుకోని బస్సు దిగి, అక్కని చూసిపోదామని వచ్చినాడు. చూసినాడు. పాకలోకొచ్చి ఆమె పక్కన కూకున్నాడు. చేతికి సూది పోట్లు, మొగం పాలిపోయి పిండి మాదిరి. "అక్కా" అన్నాడు, "ఇడిసిపెట్టక్కా. నీ చేతికాడ నూనె, నువ్వు ఆకులు నములుకుంటా. నాకే చూడబుద్ధి కావడంలే." ఆమెకి ఎట్లొచ్చిందో కోపం, జల్లెడ తీసి వానలోకి విసిరింది. "ఇడిసిపెట్టేదానికి నిన్ను ఎత్తుకున్నానారా? అంత బరువైతే అప్పుడే దించుతుంటి" అనింది. వాడు నవ్వినాడంట, శానా దినాలకి. "నాకు దినానికి రెండు లోటాల నీళ్ళే తాగమన్నారు. దప్పికకి నాలిక పిడచగట్టుకోని పోతాంది. నేను నీళ్ళు కొలుచుకుంటా, నువ్వు కూడు కొలుచుకో. ఎవురు ముందు ఓడిపోతారో చూద్దాం" అన్నాడు. "ఇద్దరమూ ఓడిపోకూడదురా" అనింది ఆమె.

ఆ మర్దినం నుంచి మాపటేల వాడొచ్చి వంక మీది చిన్న వంతెన, మోరీ అంటాం, దాని గోడపైన కూకునేవాడు. ఆమెతో సమంగా నడవలేడు గదా. ఆమె వాని ముందర నుంచి దావ మలుపుదాకా పొయ్యేది, తిరిగొచ్చేది, మల్ల పొయ్యేది. వచ్చిన ప్రతితూరీ వాడొక మాట, ఆమె ఒక మాట. చిన్నప్పటి మాటలు, పనికిరాని మాటలు. ఒకతూరి వాడు, "అక్కా, నువ్వు సన్నబడితే నాకు గుర్తుపట్టేదానికి రాదేమో" అన్నాడంట. ఆమె మలుపుదాకా పోయి, అక్కడ నిలబడి ఏడ్చుకోని, మొగం తుడుచుకోని వచ్చింది. అయిదో నెల ఎనబై అయిదు. కదిలింది! ఎందుకు ఆగిందో తెలీదు, ఎందుకు కదిలిందో తెలీదు. ఆరో నెల ఎనబై రెండు. మోకాలు వాస్తే గుడ్డ చుట్టుకోని నడిచింది. రైకలు వదులై జారిపోతాంటే పిన్నీసులు పెట్టుకునింది. ఏడో నెల మండీకి పోతే మద్దిలేటి మొట్టమొదటితూరి గట్టిగా అరిచినాడు, "ఎనబై!" అని. హమాలీలు తలుపు తోసుకోని లోపలికొచ్చినారు. ఇంగ రెండే. రెండు కేజీలు.

ఇట్ల చూస్తాండారేం నా మొగం? మీకు ముందరే తెలిసిపోయింది గదా. తెలిసినా ఇనాల్సిందే, ఆమె పడింది, మీరు ఇనలేరా? రెండు దినాలకి సుంకన్నకి చలిజ్వరం వచ్చింది. రక్తం కడిగే పైపు వేసినచోట చీము పట్టిందన్నారు, అది రక్తంలోకి పోయిందన్నారు. మూడు దినాలు. మూడో దినం పొద్దుపొద్దున్నే పోయినాడు. ఓబుళమ్మ ఏడవలేదంట అప్పుడు. నాగవేణిని పక్కవాళ్ళు పట్టుకోని ఉంటే, ఈమె నేరుగా డాక్టరమ్మ తావకి పోయి, "తల్లీ, ఆ వానదినం నేను పదకొండు బజ్జీలు తిన్యా. తినకుండా ఉంటే అందేదా?" అని అడిగింది. డాక్టరమ్మకి అర్థం కాలేదు. అర్థమయినాక చెయ్యి పట్టుకునింది. "లేదమ్మా. ఈ జ్వరం ఎప్పుడైనా రావచ్చు. నీ తప్పేం లేదు" అనింది. ఓబుళమ్మ తల ఊపింది. నమ్మలేదు. ఈ పొద్దుటికీ నమ్మలేదు. పదకొండు బజ్జీలకి ఎన్ని దినాలు పడతాదో మనసులో లెక్కేసుకుంటానే ఉంటాది. ఆ లెక్క తేలేది గాదు.

ఊరికొచ్చి కర్మలయినాక పాక కిందికి పోలేదు. నడవలేదు. ఇంట్లో కూకోని తినింది. ఆకలికి గాదు. ఈ ఒళ్ళు ఎవురి కోసరం తగ్గించినానో వాడే లేనప్పుడు ఇదెంతుంటే ఏంది అని. అన్నం తినింది, బెల్లం తినింది, రాత్రి మిగిలిందీ తినింది. రెండు నెల్లకి పిన్నీసులు తీసేసింది. అప్పుడొకనాడు నాగవేణి వచ్చి గడపలో కూకునింది. ఆమె కూడా చిక్కి పుల్ల మాదిరి అయింది, ఆమె తినకుండా. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "వదినా" అనింది నాగవేణి, "పరీక్షలు చేసినప్పుడే డాక్టరమ్మ నీకు షుగరు దగ్గరికొచ్చింది అనింది గదా. నువ్వు గూడా పోతే నేనెవురింటికి పోవాల?" అనింది. ఓబుళమ్మ మర్దినం పొద్దున్నే లేచి దావన పడింది. మనసు కుదుటపడి గాదు, ఆశ పుట్టి గాదు. మోరీ కాడికి పోయేసరికి కాళ్ళు నిలబడిపోయినాయి, దాటలేక వెనక్కొచ్చింది. రెండో దినమూ అంతే. వారానికి కండ్లు మూసుకోని దాటింది. ఎవురో "ఇంగెవురి కోసరం ఓబుళమ్మా?" అంటే, "నడిస్తే ఒక గంట గడుస్తాది" అనింది. అంతే.

సంవత్సరం దాటినాక ఊర్లో ఆసుపత్రోళ్ళు క్యాంపు పెట్టినారు, బీపీలు, షుగర్లు చూసేదానికి. నేనూ పోయింటి. అందర్నీ కాటా ఎక్కించినారు. ఓబుళమ్మ ఎక్కితే ఎనబై నాలుగు. కొత్తగా వచ్చిన నర్సమ్మ, సంగతి తెలీని పిల్ల, ఆమె తెచ్చిన పాత కాగితం చూసి, "తొంబై ఆరు నుంచి ఎనబై నాలుగా! అందరూ నాలుగు దినాలు చేసి ఇడిసిపెడతారు. నువ్వెట్ల పట్టు ఇడవకుండా చేసినావు? లేచి చెప్పమ్మా, వీళ్ళక్కూడా కొంచెం ఊపొస్తాది" అని ముందర నిలబెట్టింది. నలబై మంది ఆడోళ్ళం, చాపల మీద కూకోనుండాము. ఓబుళమ్మ కొంగు సర్దుకునింది. మా వైపు చూసింది. "నాకొక తమ్ముడుండె" అనింది. ఇంగేమన్నా చెప్తాదేమోనని చూసినాము. ఒక పక్కకి ఒరిగి నడుచుకుంటా పోయి తన తావలో కూకునింది. ఆ నర్సమ్మకి ఏమర్థమయిందో, చప్పట్లు కొట్టండి అనింది. కొట్టినారు. నేనూ కొట్టినా. ఏం చేస్తాం, పక్కనోళ్ళు కొడ్తాంటే చేతులు ఊరుకోవు. అంతే అబ్బా కథ. ఆమె డెబ్బై ఎనిమిదికి వచ్చిందా అని మాత్రం నన్నడగొద్దు, నేనూ ఆమెనడగలేదు.