ఆ బుధవారం చదవాల్సిన అధ్యాయం

కూర్చో అమ్మాయ్, ఆ పేపర్లు పక్కకి తోసి కూర్చో. మీ అమ్మమ్మ గురించా? మీ అమ్మ చెప్పే ఉంటుందిగా. చెప్పలేదూ? దానికేం గుర్తుంటుందిలే, అప్పటికి తొమ్మిదేళ్ళది, మీ పెద్దమ్మకి పన్నెండు. నాకు ఆవిడ చుట్టమేం కాదు, పక్కిల్లు అంతే, అక్కా అని పిలిచి పిలిచి అక్క అయిపోయింది. మిషను కుట్టేది. మా వీధిలో ఎవరి ఒంటి మీద చొక్కా చూసినా ఆవిడ చేతిదే. నేను ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాణ్ణి కదా, సీసం మసి ఎప్పుడూ జేబుకి అంటుకునేది. 'ఈసారి నీ జేబు నల్లగుడ్డతో కుట్టేస్తాన్రా, పీడా పోతుంది' అనేది. అలాంటి మనిషి, మీ తాత పోయాక నోరు కట్టేసుకుంది. నాలుగు రోజుల జ్వరం, అంతే, మనిషి లేడు. ఆ ఏటి వానలకే మా రెండిళ్ళ మధ్య పెరటి గోడ కూడా కూలింది. మిషను మీద దుప్పటి కప్పేసింది. క్రిస్మస్ వెళ్ళాక పిల్లలిద్దర్నీ ఎక్కడో దూరాన హాస్టల్లో పడేసి తను అన్నగారింటికి పోతానని ముందే ట్రంకు పెట్టె సర్దేసింది. మీ అమ్మ ఆ పెట్టె మీద ఎక్కి కూర్చుని దిగనని ఏడ్చేది. నేను చూశాను.

ఎక్కడున్నాను... ఆఁ, కార్డు. క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాలు ఉంటాయే, ఆగమన కాలం, దానికి పాస్టరుగారు ఏటా ఒక కార్డు వేయించేవారు. ఏ రోజు ఏ అధ్యాయం చదవాలో వరసగా ఉంటుంది. పేర్చింది నేనే, ప్రూఫు చూసిందీ నేనే. పొద్దున్నే మీ పెద్దమ్మ చదివేది, మాకు గోడ ఇవతలికి వినిపించేది, గోడ ఎక్కడుందిలే అప్పుడు. ఎక్కువగా యెషయా ప్రవక్త గ్రంథం. ఎడారి పూస్తుంది, కుంటివాడు గంతులేస్తాడు, అలాంటివి. అక్క వింటూ కూరగాయలు తరిగేది. ఓసారి 'పూయనీ, నాకేం' అంది.

మూడో వారం బుధవారం మాత్రం నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం వచ్చింది. చదివావా ఎప్పుడైనా? చదవవు, ఎవరూ చదవరు. అన్నీ పేర్లే. కూలిన పట్నం గోడని ఎవరు ఎంత మేర కట్టారు, వాడి పక్కన ఎవడు కట్టాడు, అదే. మీ పెద్దమ్మ నాలిక తిరక్క నానా అవస్థ పడుతోంది. బంగారప్పనివాడు కట్టాడట, అత్తరు చేసేవాడు కట్టాడట, ఒకాయన తన కూతుళ్ళతో కలిసి కట్టాడట. అక్క కత్తిపీట ఆపి 'ఏదీ, మళ్ళీ చదువు' అంది. 'ఏది అమ్మా?' 'ఆ కూతుళ్ళది.' మళ్ళీ చదివించింది. 'ఇంకోడెవడో తన ఇంటికి ఎదురుగా ఉన్నంత మేరే కట్టుకున్నాడన్నావే, అదీ చదువు.'

మర్నాడు పొద్దున చూద్దును కదా, కొంగు బిగించి ముగ్గురూ పెరట్లో ఇటుకలు ఏరుతున్నారు. ఒక్కరికీ తాపీ పట్టడం రాదు. ఎదురింటి మంగలి వచ్చాడు, మందుల షాపాయన వచ్చాడు, నేను ప్రెస్సు నుంచి రాగానే వెళ్ళేవాణ్ణి. వరస వంకర పోకుండా దారం కట్టి చూసుకోవాలని కూడా తెలీదు మాకు. ఆదివారానికి గోడ నడుమెత్తు లేచింది. ఆ ఆదివారమే చర్చిలో అక్క లేచి నిలబడి, ఎన్ని నెలల తర్వాతో, నలుగురిలో నోరు విప్పింది. 'నాకోసమే ఆ రోజుకి ఆ అధ్యాయం పెట్టాడు దేవుడు. నేను ఎక్కడికీ పోవడం లేదు' అని కూర్చుంది.

పాస్టరుగారు మర్నాడు ప్రెస్సుకి వచ్చారు. 'అబ్బాయీ, నేనిచ్చింది యెషయా నలభై కదా, నెహెమ్యా ఎక్కడిది?' ఆయన రాసిచ్చిన కాగితం తీసి చూశాను. కార్డు పేర్చిన రోజే బైబిలు స్కూలు పరీక్ష ప్రశ్నల కాగితం కూడా పేర్చాను, రెండూ ఒకే బల్ల మీద. ఆ కాగితంలోని నెహెమ్యా వరస కార్డులోకి పోయింది. నాది, పూర్తిగా నాదే. ఆయన పాపం గడ్డం గోక్కుని 'చెప్పాలా వద్దా? చెప్పకపోతే అబద్ధం, చెబితే...' అని గుమ్మం దాకా వెళ్ళడం, మళ్ళీ రావడం. చివరికి ఏమీ తేల్చకుండా వెళ్ళిపోయారు. నేనే ఆగలేకపోయాను. సాయంత్రం వెళ్ళి 'అక్కా, అది దేవుడు పెట్టింది కాదు, నేను తప్పు పేర్చాను' అన్నాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలీదమ్మాయ్. నిజం చెప్పాలనా, నా బరువు దించుకోవాలనా? ఆవిడ చేతిలో తాపీ కింద పెట్టి, లోపలికెళ్ళి తలుపేసుకుంది.

రెండు రోజులు ఎవరూ బయటికి రాలేదు. మందుల షాపాయన వచ్చి చూసి వెళ్ళిపోయాడు. ఒక మనిషిని ఊబిలోంచి లాగి నేనే మళ్ళీ తోశానని నాకు అన్నం సయించలేదు. మూడోరోజు పొద్దున టక్ టక్‌మని చప్పుడు. వెళ్ళాను. నా మొహం చూడలేదు. 'అలా నిలబడకపోతే ఇటుకలు అందించకూడదూ' అంది. అందించాను. క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు గోడ పూర్తయింది, పెట్టె ఖాళీ చేశారు, మిషను చప్పుడు మొదలైంది. హాస్టలు ఊసే లేదు. మీ అమ్మ పెళ్ళి కూడా ఆ ఇంట్లోనే కదా.

నేను అడిగాన్లే, చాలా ఏళ్ళకి, ఆవిడ మంచాన ఉన్నప్పుడు. 'ఆ రోజు నేను చెప్పకుండా ఉండాల్సిందా అక్కా?' అని. 'నువ్వు చెప్పి వెళ్ళగానే కార్డు చించి పొయ్యిలో వేశానురా. రెండు రోజులు పెరటివైపు తిరగలేదు. మూడోనాడు నీళ్ళు పారబోయడానికి వెళితే, గోడ నడుమెత్తున అలాగే నిలబడి ఉంది. ఏం చేయను, మిగతాది కట్టాను' అంది. అయితే దేవుడు పంపినట్టా, కానట్టా అన్నాను. 'నన్నడుగుతావేంరా, పేర్చినవాడివి నువ్వు' అని అటు తిరిగి పడుకుంది.

అంతే. తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, వారానికే పోయింది. నవ్వుతూ అందో, తిట్టిందో, అటు తిరిగిందిగా, మొహం కనపడలేదు. ఎన్నిసార్లు తలుచుకున్నానో... ఏమో.

నీ టీ చల్లారిపోయింది చూడు.