రవ్వ రొట్టెయిన కచేరీ

గురునాథం మృదంగం ఎంత గట్టిగా మోగుతుందో నోరు అంతకు రెట్టింపు మోగుతుంది. రైల్వేలో రిటైరయ్యాక రోజూ పొద్దున్నే రాయపూర్ శంకర్ నగర్‌లో శివాజీ టీకొట్టు ముందు, రోడ్డువారన, ఆయన కుర్చీ పడాల్సిందే. ఇవాళ ఎదురుగా ఫణిశ్రీ కూర్చుంది. శ్రీరామనవమి కచేరీలో పాడేది ఆ అమ్మాయే, మృదంగం ఆయనది. ఏటికేడాది ఎండలు ముదిరిపోతున్నాయి, నిరుడు పందిట్లో ఇద్దరు పెద్దవాళ్ళు సొమ్మసిల్లారు, ఈసారి మధ్యాహ్నం వద్దు, తెల్లారి ఆరింటికి పెట్టుకుందామని అడగడానికొచ్చింది. గురునాథం ఊఁ అంటేనే ఉత్సవ కమిటీ వింటుంది.

"ఎండకి జడిసి కచేరీ మారుస్తామేటమ్మా?" అన్నాడాయన, కుర్చీని కాస్త కొట్టు టార్పాలిన్ నీడలోకి లాక్కుంటూ. "మే నెల్లో, నయా రాయపూర్‌లో, మిట్టమధ్యాహ్నం వాయించినోణ్ణి. ఎడమ మూతకి రవ్వముద్ద పెట్టందే మృదంగం గుమ్మనదు కదా, పెట్టాను. అప్పుడేటైందో తెలుసా?"

"ఎండి రాలిపోయుంటది," అన్నాడు శివాజీ టీ వడపోస్తూ.

"రాలడమేటి భాయ్, కాలింది. ఏక్‌దమ్ రొట్టె అయిపోయింది. అటు తిప్పి ఇటు తిప్పి వాయించాను, రెండువైపులా ఎర్రగా కాలింది. ముందు వరస వాళ్ళకి తలో ముక్కా పంచాను. పచ్చడి లేదని ఒకాయన అలిగాడు కూడా." కుర్చీ ఇంకాస్త లోపలికి జరిగింది. "అంతటితో ఆగానా? నా దెబ్బలు విని, తోటి మబ్బేదో పిలుస్తోందనుకుని బస్తర్ మబ్బులన్నీ కట్టగట్టుకొచ్చాయి. తెలీబంధా చెరువు పొంగి, చేపలు గట్టెక్కి తాళం వేశాయి. వాతావరణం ఆఫీసువాళ్ళు ఫోన్ చేసి, బస్, చాలండి గురునాథంగారూ, ఒడిశాకి కూడా కాస్త వాన మిగల్చండని బతిమాలారు."

ఫణిశ్రీకి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. సొమ్మసిల్లిన వాళ్ళలో ఒకరు ఆమె నాయనమ్మ.

"అంతా నిజమే బాబాయ్‌గారూ," అంది నెమ్మదిగా. "కథ మొదలెట్టినప్పుడు మీ కుర్చీ రోడ్డువారన ఉంది. ఇప్పుడు శివాజీ గల్లాపెట్టెకి ఆనుకుంది. ఇంకా పది కూడా కాలేదు. మధ్యాహ్నం పందిట్లో మృదంగం ఒళ్ళో పెట్టుకుని ఎక్కడికి జరుగుతారు?"

శివాజీ గరిటె దించి పకపకా నవ్వాడు. గురునాథం వెనక్కి తడుముకున్నాడు. గల్లాపెట్టె నిజంగానే వీపుకి తగిలింది. తువ్వాలుతో మెడ తుడుచుకుని, టీ చివరి గుక్క తాగాడు.

"ఆరింటికే పెట్టమ్మా," అన్నాడు. "నాకేం కాదు, రవ్వతోనే తంటా. మళ్ళీ రొట్టయిపోతే అంతమందికి పచ్చడి ఎక్కణ్ణుంచి తెస్తాం?"