వెనక సందులో ఆఖరి స్తంభం

నా పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు మీ కాగితం పైభాగాన ఇప్పటికే రాసి ఉన్నాయి. వీధిలో నన్ను కుట్టు అక్క అంటారు. వయసు యాభై రెండు. ఇంట్లోనే మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. మా ఆయనకు వీధి మొగలో తాళాల దుకాణం ఉంది. ఇప్పుడు ఆయన మీ స్టేషను వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

మంగళవారం నాడు కరెంటు పనివాళ్లకు అడ్డం పడ్డాననీ, వాళ్ల నిచ్చెన దొంగిలించాననీ నా మీద ఫిర్యాదు. అడ్డం పడిన మాట నిజం. దొంగిలించిన మాట నిజం కాదు. నిచ్చెనను మా పక్కసందులో పెట్టి గేటుకు తాళం వేశాను. ఈ రోజుకీ అది అక్కడే ఉంది. వాన పడుతుందేమోనని పైన గోనెపట్టా కూడా కప్పాను.

అడ్డం ఎందుకు పడ్డానో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది రెండు ముఖాల ఇల్లు. ముందు సగం పెద్ద వీధిలోకి, వెనక సగం వెనక సందులోకి తెరుచుకుంటాయి. మా మామగారు ఆస్తి పంచినప్పుడు నడిమిన గోడ లేచింది. ముందు సగం మాది, వెనక సగం మా మరిదిది. మా సగాన్ని మామగారు నా పేరున రాశారు. కొడుకు పేరున రాస్తే కోపం వచ్చిన రోజున అమ్మేస్తాడని ఆయన భయం. ఆ భయం తప్పని నేను అనను.

పంపకాలనాడు అన్నదమ్ములిద్దరికీ మాటామాటా పెరిగింది. ఒక బీరువా దగ్గర మొదలైంది. ఆ బీరువా తుప్పు పట్టి ఎప్పుడో పోయింది, కోపం మాత్రం మిగిలింది. మరిది తన సగానికి కరెంటు పెట్టించుకోవాలంటే పెద్ద వీధి స్తంభం నుంచి మా డాబా మీదుగా తీగ రావాలి. తన నెత్తి మీంచి తమ్ముడి తీగ పోవడానికి వీల్లేదన్నారు మా ఆయన. నీ నెత్తి నీ దగ్గరే ఉంచుకో అని మా మరిది వెనక సందులోని స్తంభం నుంచి తీగ లాగించుకున్నాడు. ఆ సందుకు అవతలి వైపంతా గోదాముల వెనక గోడలే. ఆ స్తంభం మీద ఆధారపడిన ఇల్లు అదొక్కటే.

మరిది లారీ నడుపుతాడు. నెలలో సగం రోజులు ఇంటి పట్టున ఉండడు. నా తోడికోడలు కోడిగుడ్లు పొదిగించే మిషను పెట్టుకుని, కోడిపిల్లలను ఫారాలకు అమ్ముతుంది. ఆ ఇల్లు గడిచేది ఎక్కువగా ఆ మిషను మీదే. అది నడిమి గోడకు ఆనించి ఉంటుంది. గోడకు ఇవతల నా కుట్టు మిషను. మేమిద్దరం మాట్లాడుకుని పద్నాలుగేళ్లయింది. అయినా ఆమె ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలుసు. గోడ వెచ్చగా ఉంటుంది. మూడు వారాలకోసారి గోడలోంచి కిచకిచలు మొదలవుతాయి. పిల్లలు ఇంకా గుడ్లలో ఉండగానే కూస్తాయని నేను తెలుసుకున్నది ఆ గోడ వల్లే. ఆ పూట నేను మిషను మెల్లగా తొక్కుతాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

తీగలను భూమిలో వేయడానికి నేను వ్యతిరేకిని కాను. ఇది స్పష్టంగా రాసుకోమని కోరుతున్నాను, ఎందుకంటే పేపర్లో మరోలా వేశారు. పోయిన వానాకాలం గాలికి తీగ తెగి పాలాయన సైకిలు మీద పడింది. మనిషి బతికాడు, కుడిచెయ్యి పోయింది. ఇప్పుడు ఎడమచేత్తో పాలు కొలుస్తున్నాడు, చిల్లర మనమే లెక్కపెట్టుకుని తీసుకోవాలి. తీగలు భూమిలోకి పోవాలని వీధివాళ్లం పెట్టిన అర్జీ మీద మొదటి సంతకం నాది. చెట్ల వేళ్లు తెగిపోతాయనీ, కింద తీగ చెడిపోతే ఎక్కడ చెడిందో తెలియక వీధంతా తవ్వాలనీ వాదించినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు చెప్పింది అబద్ధమని నేను అనను. కానీ పాలాయన చెయ్యి చూశాక నాకు ఆ వాదన చెవికెక్కలేదు.

చలికాలంలో సర్వే చేసేవాళ్లు ఇద్దరు మా ముందు గుమ్మంలోకి వచ్చారు. ఇక్కడ ఎన్ని ఇళ్లు, ఎన్ని కనెక్షన్లు అని అడిగారు. మా ఆయన గడ్డం గీసుకుంటున్నారు. సబ్బు నురగతోనే గుమ్మంలోకి వచ్చి, "ఇదంతా ఒకటే ఇల్లు. మా నాన్న కట్టించింది" అన్నారు. తమ్ముడి పేరు ఎత్తితే ఇంట్లో నిప్పులు కురుస్తాయి. కానీ ముక్కూమొహం తెలియని వాళ్ల ముందు, మేం విడిపోయామని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ఇంటి గుట్టు వీధిన పెట్టకూడదని ఆయన పట్టుదల. వాళ్లు ఒకటి అని వేసుకుని వెళ్లిపోయారు, వెనక సందులోకి తొంగి కూడా చూడలేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు అయింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన ఒకటే ఇల్లు అంటుంటే, ఎంత కాలానికి ఆ మాట విన్నాను అనిపించింది. కాదని అనలేకపోయాను.

పెద్ద వీధిలో తీగలు భూమిలోకి వెళ్లాయి. స్తంభాలు పీకేశారు. డాబా ఎక్కితే ఆకాశం శుభ్రంగా కనబడుతోంది, అది కూడా చెప్పాలి. వెనక సందులో మాత్రం ఏ పనీ జరగలేదు. వాళ్ల లెక్కలో అక్కడ ఇల్లే లేదు.

మంగళవారం పొద్దున గోడలో కిచకిచలు మొదలయ్యాయి. పది గంటల ప్రాంతంలో నా తోడికోడలు తలుపు తాళం వేసుకుని వెళ్లిన చప్పుడు వినబడింది. పిల్లలను పెట్టే అట్టపెట్టెల కోసం వెళ్లిందని తర్వాత తెలిసింది. కాసేపటికి సందులో మనుషుల మాటలు వినిపించాయి. డాబా ఎక్కి చూస్తే స్తంభం పీకడానికి వచ్చిన నలుగురు పనివాళ్లు, ఒక సూపర్‌వైజరు ఉన్నారు. స్తంభానికి నిచ్చెన ఆనించి టీ తాగుతున్నారు. నేను పరుగున చుట్టూ తిరిగి వెళ్లి, ఈ తీగ మీద ఒక ఇల్లుంది, ఆపమని చెప్పాను. సూపర్‌వైజరు తన దగ్గరున్న నక్షా చూసి, ఇక్కడ ఇల్లు లేదన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన వీపు మా మరిది తలుపుకే ఆనుకుని ఉంది. నవ్వొచ్చింది, ఒళ్లు కూడా మండింది. అప్పటికే కొన్ని గుడ్లు పగులుతూ ఉంటాయి. వేడి పోతే ఆ పూటకు ఒక్కటీ దక్కదు. నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేశాను. దాని మీద అప్పుడు ఎవరూ లేరు, అది చూసుకునే తీశాను. తాళం వేసి, ఒక ముక్కాలిపీట తెచ్చుకుని స్తంభం కింద కూర్చున్నాను.

వాళ్లు నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఒకాయన మిగిలిన టీ నాకు పోసి ఇచ్చాడు. తీగల పని వద్దనే సంఘం పెద్దమనిషి ఎవరి ద్వారానో విని, నినాదం రాసిన అట్టతో, ఫోటోగ్రాఫరుతో వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పేపర్లో పడిన బొమ్మ అదే. అర్జీ మీద మొదటి సంతకం నాదేనని చెప్పాక ఆయన అట్ట చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం నా తోడికోడలు తిరిగి వచ్చింది. నెత్తి మీద అట్టపెట్టెలు. స్తంభాన్ని చూసింది, పనివాళ్లను చూసింది, నన్ను చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

"అక్కా, ఎండగా ఉంది, లోపలికి రా" అంది.

"ముందు నీ గుడ్లు చూసుకో" అన్నాను.

పద్నాలుగేళ్లలో మా మధ్య నడిచిన మాటలు ఇవే. ఆమె లోపలికి వెళ్లింది. గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టి మళ్లీ వెళ్లింది. నేను కళ్లు తుడుచుకున్నాను. ఎండ వల్ల కాదు.

మూడు గంటలకు మీరు వచ్చారు. గేటు తాళం తీయమని మా ఆయనను పిలిపించారు. వీధిలో ఆయన తీయలేని తాళం లేదు, పైగా అది ఆయన దుకాణంలోదే. ఆయన తాళాన్ని పట్టుకుని చూసి వదిలేశారు. ఇల్లుగలవాళ్లు చెప్పందే తాళం ముట్టుకోవడం తమ వృత్తిలో లేదన్నారు. మరి ఇల్లు ఎవరిదని మీరు అడిగారు. "ఇల్లు ఆవిడది" అన్నారు. అంతమంది ముందు ఆ మాట ఎందుకన్నారో నేను ఇంతవరకూ అడగలేదు.

ఆ రోజు పిల్లలన్నీ దక్కాయి. రెండో విడత గుడ్లు ఇప్పుడు మిషనులో ఉన్నాయి. స్తంభం శుక్రవారం వరకే ఉంటుందని కరెంటు ఆఫీసు ఇంజనీరుగారు చెప్పారు. వెనక సగానికి భూమిలోంచి కరెంటు ఇవ్వాలంటే తీగ పెద్ద వీధి నుంచి మా వాకిట్లోంచే పోవాలట, దానికి ముందు సగం యజమాని ఒప్పుకోవాలట. నిన్న రాత్రి మా ఆయనను అడిగాను. నెత్తి మీంచే పోనివ్వనివాణ్ని, కాళ్ల కింద నుంచి పోనిస్తానా అని పక్కకు తిరిగి పడుకున్నారు. క్షమాపణ రాసి నిచ్చెన ఇచ్చేస్తే కేసు ఉండదని మీరన్నారు. నిచ్చెన ఇస్తాను, ఇదిగో తాళంచెవి. క్షమాపణ రాయను. దాని బదులు ఇది రాసుకోండి.

ముందు సగానికి యజమానిని నేను. మా గుమ్మం పక్క నుంచి, గులాబీ కుండీల వరసన, నడిమి గోడ వరకు తవ్వి నా తోడికోడలి ఇంటికి తీగ వేసుకోవడానికి నేను ఒప్పుకుంటున్నాను. గోడకు కన్నం పెట్టడానికి కూడా ఒప్పుకుంటున్నాను. మా ఇల్లు ఒకటి కాదు, రెండు. రెండింటికీ కరెంటు కావాలి. ఈ మాట మా ఆయనకు ఇంకా చెప్పలేదు. చెప్పే ధైర్యం ఇంట్లో చాలలేదు. అందుకని, ఇది చదివి వినిపించేటప్పుడు వరండా వైపు తలుపు తీసి, కాస్త గట్టిగా చదవమని కోరుతున్నాను.

తలుపు తీసి, గట్టిగానే చదివారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, ఎవరూ నాతో బలవంతంగా చెప్పించలేదు. సంతకం పెట్టబోతుండగా మా ఆయన లోపలికి వచ్చారు. కుండీల వైపు కింద అంతా రాయి అనీ, అటు తవ్వితే వారమైనా తెమలదనీ, కుళాయి పక్క నుంచి తవ్వమనీ, అక్కడైతే మట్టి మెత్తన అనీ, శుక్రవారం లోపల అయిపోతుందనీ అన్నారు. దాన్ని కూడా రాయించి, దాని కింద సంతకం పెడుతున్నాను.

(సంతకం)