శరణప్ప కళ్లు

జహీరాబాద్ రైల్వేగేటు దగ్గర అద్దెగది. బొమ్మలు వేసే అమ్మాయి ఎదుట, కోహీర్ నుంచి వచ్చిన ముసలాయన స్టూలు మీద కూర్చుని సెల్‌ఫోను చాపాడు.

“గీ ఫోటో ఒక్కటే ఉన్నది బిడ్డా. మా శరణప్ప.”

“మంచిగ కూసున్నడు తాతా. మరి కండ్లెందుకు మూసుకున్నడు?”

“పోయినంక తీసిన్రు. వాళ్లు లింగాయతులు, కూసోబెట్టే సమాధి చేస్తరు.”

“అయ్యో, తప్పయింది తాతా.”

“పర్వాలే. పాతకాలంల మనసోంటి జోడీలు, మొగోనికి మొగోడు, ఆడదానికి ఆడది, ఎట్ల బతికిన్రో బొమ్మలేసి చూపెడ్తవంటే వచ్చిన. ముప్పై ఏండ్లు ఒక్క జామతోటల, ఒక్క గుడిసెల ఉన్నం. ఆయన చుట్టాలేమో నన్ను తోట కూలోడన్నరు. పిడికెడు మన్ను గూడ వెయ్యనియ్యలే.”

“బొమ్మ కింద నీ జోడని రాస్త తాతా. కండ్లు నేను తెరుస్త. ఎట్లుండె? నల్లగనా, పిల్లికండ్లా?”

“తెల్వదు.”

“ముప్పై ఏండ్లున్నవు గదా!”

“నలుగుట్ల మొఖాలు సూసుకోకపోయేటోళ్లం, దొరికిపోతమని. గుడిసెలకొస్తె ముందుగాల దీపమార్పేటోళ్లం.”

“పగటిపూట తోటల?”

“చెట్టుకు నేనీపక్క, ఆయన ఆపక్క. కాయలు తెంపుకుంట మాట్లాడేటోళ్లం. గొంతయితే మస్తు యాదున్నది. గొంతుకు బొమ్మేస్తవా?”

ఆమె కుంచె దించింది.

“నల్లగనే వేస్త తాతా. మన దిక్కోళ్లవి గట్లనే ఉంటయి.”

“వద్దు, వేరేటోని కండ్లయితయి. మూసే ఉండనియ్యి. సమాధి దినం అందరు ఆయన మొఖమే సూస్తున్నరని, భయం లేకుంట నేను గూడ కండ్లార సూసిన బిడ్డా. అప్పటికే మూసున్నయి.”